ఉప్పుగాలి తోవలో పాత కారు

విశాఖపట్నం చూడవచ్చిన చుట్టాలు మొదటిరోజు సాయంకాలం రామకృష్ణా బీచిలో నుంచుని, "ఆహా, ఎంత చల్లని గాలి!" అంటారు. మూడోరోజు పొద్దున్న పెరటి తలుపు గడియ తీయబోయి, చేతికంటిన ఎర్రని పొడి చూసుకుని, "ఇదేమిటండీ, మీ ఊళ్ళో ఇనుమంతా ఇట్లా ఉన్నది?" అంటారు. ఆ చల్లదనమూ, ఈ ఎర్రదనమూ ఒకే గాలి తెచ్చిపెట్టినవని వాళ్ళకు తెలియదు. ఊళ్ళోవాళ్ళకు తెలుసు. కిటికీ ఊచలు, గేటు మడత బందులు, పిల్లల సైకిలు, కుట్టుమిషను కాళ్ళు - ఒకదాని తరువాత ఒకటి ఇక్కడ ఎర్రబడుతూనే ఉంటాయి. అవన్నీ కంటికి కనిపిస్తాయి గనుక ఎప్పుడో ఒకప్పుడు తుడుస్తాం, రంగు వేయిస్తాం. ఎవ్వరూ వంగి చూడని ఇనుము మాత్రం ఒకటున్నది. అది ఇంటిముందు నిలబడి ఉండే పాత కారు అడుగుభాగం.

దాని సంగతి తెలుసుకోవాలంటే విశాఖనుంచి భీమిలిదాకా సముద్రాన్ని ఆనుకుని పోయే రోడ్డుమీద ఒకసారి ప్రయాణం చెయ్యాలి. పాతిక ముప్ఫై కిలోమీటర్ల దారి. సంక్రాంతి వెళ్ళిన వారంలో భీమిలిలో ఉంటున్న మా మామయ్యగారు, "కారు అడుగు పని పెట్టుకున్నాను అల్లుడూ, రెండురోజులు సెలవు పెట్టి రా" అని కబురుచేస్తే నేను ఆ దారినే వెళ్ళాను. దారి పొడుగునా కనిపించినదంతా ఇనుముకూ ఉప్పుకూ జరుగుతున్న తగాదాయే.

బయలుదేరిన చోటునుంచి వెనక్కు తిరిగి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచుకుని ఉంటుంది. దాని చాటున 1933లో ప్రారంభమైన రేవు, దానికి కూతవేటు దూరంలో ఓడలు కట్టే యార్డు. 1948 మార్చిలో నెహ్రూగారు 'జలఉష'ను నీళ్ళలోకి దింపింది ఇక్కడే. ఓడ కట్టడం ఎంత పనో, కట్టిన ఓడను తుప్పు తినెయ్యకుండా చూడడమూ అంత పని. కొన్నేళ్ళకొకసారి దాన్ని డ్రైడాకులోకి తెచ్చి, అడుగంతా గీకి, పొరలు పొరలుగా రంగులు వేస్తారు. అంతేగాక అడుగున అక్కడక్కడ జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీళ్ళలో జింకు ముందు తాను కరిగిపోయి, పక్కనున్న ఉక్కును కాపాడుతుంది.

అయితే కారుకూ ఒక జింకు ముక్క బిగిస్తే పోలేదా అని కొందరికి తోస్తుంది. లాభం లేదు. జింకు దిమ్మకూ ఉక్కుకూ మధ్య నీళ్ళు ఉండాలి. రెండూ ఒకే నీటిలో మునిగి ఉంటేనే ఆ త్యాగం పనిచేస్తుంది. కారు ఉండేది గాలిలో. గాలిలో నిలిచిన ఇనుముకు శుభ్రమూ, పొడిదనమూ, పైపూతా - ఈ మూడే దిక్కు.

బీచిరోడ్డుమీదే కురుసుర జలాంతర్గామి కనిపిస్తుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002నుంచి ఇసుకమీద మ్యూజియంగా నిలబడి ఉన్నది. సముద్రం లోపల తిరిగిన ఓడకు గట్టునపడ్డాక తుప్పు బాధ తప్పుతుందనుకుంటాం. అదేం లేదు. అలలకు ఎదురుగా నిలబడ్డ ఉక్కు నీళ్ళలో ఉన్నా, ఒడ్డున ఉన్నా కాపలా కోరుతూనే ఉంటుంది.

రుషికొండ దాటుతుంటే ముందు అద్దంమీద సన్నని తెల్లని పొర కడుతుంది. పొగమంచు కాదు. అలలు విరిగినప్పుడు లేచే తుంపరలో నీరు ఆరిపోగా మిగిలిన ఉప్పు. ఈ ఉప్పు గుణం గృహిణులకు బాగా తెలుసు. వానాకాలంలో మూతపెట్టని ఉప్పుజాడీ చెమ్మగిలిపోతుంది గదా! గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడనే మరో లవణం కూడా కలిసి ఉంటుంది. అది ఇంకా ఆశపోతు. అందులో సగానికి తక్కువ తేమ ఉన్నా నీటిని లాక్కుంటుంది. అందుచేత ఉప్పు పట్టిన రేకు పైకి పొడిగా కనిపించినా నిజంగా ఎప్పుడూ ఆరదు. ఇనుమూ, నీరూ, గాలీ కలిస్తే తుప్పు. వాటికి ఉప్పు తోడైతే ఆ పని వేగం అనేకరెట్లు పెరుగుతుంది. కడపలోనో, అనంతపురంలోనో తిరిగిన కారుకూ సముద్రపుటొడ్డున తిరిగిన కారుకూ ఒకే వయస్సు ఉన్నా, కిందనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉండవు.

ఇంకాస్త ముందుకు పోతే తొట్లకొండ. పూర్వం బౌద్ధ భిక్షువులు ఈ కొండమీద రాతిలో తొట్లు తొలిచి నీళ్ళు నిలవచేసుకున్నారు. ఆ తొట్లవల్లనే కొండకు ఆ పేరు. ఎదురుగా కంటికి ఆనినంతమేరా సముద్రం ఉన్నా, బతకడానికి కావలసింది మంచినీళ్ళు. ఆ మాట కారుకూ వర్తిస్తుందని ఆ మధ్యాహ్నమే తెలిసివచ్చింది.

భీమిలి ఇంకా దూరాన ఉండగానే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. నీలిసముద్రం పక్కన కుంకుమ రాసిపోసినట్లు ఆ దిబ్బలు, వాన కోసిన లోయలు చూసి ఫొటోలు తీసుకోనివారుండరు. వేల ఏళ్ళుగా పేరుకున్న ఆ ఇసుకకు అంత ఎర్రదనం ఎక్కడిదనుకున్నారు? ప్రతి ఇసుకరేణువుకూ ఐరన్ ఆక్సైడు పూత ఉన్నది. అంటే మన గడియలమీది తుప్పుకు దగ్గర బంధువన్నమాట. ఇనుము చివరకు చేరుకునే రూపం ఇదే. గనిలో ఎర్రమట్టిగా పుట్టి, కొలిమిలో ఉక్కై, కారై, కొన్నాళ్ళు మనల్ని మోసి, చూసేవాళ్ళు లేకపోతే తిరిగి ఎర్రమట్టి అవుతుంది. ఆ ప్రయాణాన్ని ఆపడం మనవల్ల కాదు. ఆలస్యం చెయ్యడం మాత్రం మన చేతిలో పనే.

గోస్తని నది సముద్రంలో కలిసేచోట భీమిలి. దీపస్తంభం, డచ్చివారి పాత సమాధులు, పెంకుటిళ్ళు, కొబ్బరిచెట్లు. మామయ్యగారి ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల. పెరట్లో షెడ్డుకింద తెల్లని అంబాసిడర్. 1988లో కొన్నారు. ముగ్గురు కూతుళ్ళూ అందులోనే అత్తారిళ్ళకు వెళ్ళారు. ఆ కార్లను చేసిన ఉత్తరపాడా ఫ్యాక్టరీ 2014లో వాటిని తయారుచేయడం మానేసింది గనుక ఇది పోతే ఇంకొకటి రాదు. సొంతకారుకు పదిహేనేళ్ళు నిండితే ఐదేళ్ళకొకసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ పరీక్షకన్న పెద్ద చింత మామయ్యగారికి మరొకటున్నది. ఆదివారాలు మనవలను ఎక్కించుకుని దిబ్బలదాకా తీసుకువెళ్ళడం ఆయనకు అలవాటు.

"పైన మెరుస్తూనే ఉన్నది అల్లుడూ. కింద ఏమైందో చూడకుండా పిల్లల్ని ఎక్కించుకోబుద్ధి కావడంలేదు" అన్నారు.

ఆ అనుమానం సరైనదే. లారీకైతే కింద బలమైన ఛాసిస్ వేరుగా ఉంటుంది. పైరేకు పాడైనా బరువు దానిది. అంబాసిడర్‌కు అట్లా కాదు. దాని మూలరూపమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాగే, ఇప్పటి చిన్నకార్లలాగే, అడుగురేకూ, పక్కల పెట్టెల్లాంటి దూలాలూ, పైగూడూ కలిపి ఒకే ఎముకలగూడు. అడుగు తుప్పుపడితే అందం పోవడం కాదు, వెన్నెముక బలం పోతుంది.

ఊళ్ళో నమ్మకమైన మెకానిక్ ఒకాయన వచ్చాడు. మొదట చేసిన పని కారు లేపడం. చదునైన గచ్చునేల చూసి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, నేలను ఆనివున్న చక్రాలకు అటూ ఇటూ అడ్డుచెక్కలు పెట్టి జాకీతో లేపాడు. లేపిన వెంటనే ఇనప స్టాండ్లు ఆనించాడు. "బాబూ, జాకీ లేపడానికే గాని మోయడానికి కాదు. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఇటికలు పేర్చి దూరడం ఇంకా తప్పు, ఒక్కసారిగా పగిలిపోతాయి" అన్నాడు. పాతకారుకు ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. జాకీ ఆనే చోటే తుప్పుపట్టి ఉంటే రేకును చీల్చుకుని జాకీ లోపలికి దిగుతుంది. అందుచేత ముందే ఆ చోట్లు తట్టి చూడాలి. ఈ సరంజామా ఇంట్లో లేనివారు షెడ్డుకు తీసుకువెళ్ళి లిఫ్టుమీద పని చేయించుకోవడమే క్షేమం.

తరువాత కడగడం. నేను బోరు పంపు వెయ్యబోతే మామయ్యగారు చెయ్యి అడ్డుపెట్టి, "ఆ నీళ్ళు ఒక చుక్క నాలుకమీద వేసుకో" అన్నారు. ఉప్పగా ఉన్నాయి. సముద్రపుటొడ్డు బోర్లలో ఇది మామూలే. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పుతో ఉప్పు కడిగినట్లు. మునిసిపాలిటీ కుళాయినీళ్ళు డ్రమ్ముల్లో పట్టి, గొట్టంతో మడ్‌గార్డుల లోపలా, కమాన్ల సందుల్లో, మూలమూలలా ధారపట్టాం. తట్టెడు మట్టి రాలింది. ఆ మట్టే తడిగుడ్డలాగా రేకును అంటిపెట్టుకుని తేమను నిలవచేస్తుంది. తలుపుల అడుగున, పక్క దూలాల అడుగున నీళ్ళు కారిపోవడానికి చిన్నచిన్న రంధ్రాలుంటాయి. సగం మూసుకుపోయాయి. సన్నని పుల్లతో తెరిచేసరికి ఒక తలుపులోనుంచి పాతవాననీళ్ళు దారగా కారినై. ఈ రంధ్రాలు తెరిచి ఉంచడానికి పైసా ఖర్చు లేదు. దానివల్ల కలిగే మేలు మాత్రం ఏ ఖరీదైన పూతకూ తీసిపోదు.

కడిగిన రోజునే పూత వెయ్యకూడదు. మర్నాడు మధ్యాహ్నందాకా ఆరనిచ్చాం. ఈ ప్రాంతంలో నైరుతి వానలు వెళ్ళేసరికి అక్టోబరు, నవంబరుల తుఫానులు కాచుకుని ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సముద్రపు తుంపర ఊరి వీధులను ముంచెత్తిన సంగతి ఇక్కడ ఎవరూ మరువలేదు. అందుకే సంక్రాంతి తరువాతి రోజులే ఈ పనికి అనువు.

ఆరిన తరువాత మెకానిక్ చిన్న సుత్తి తీసుకుని అడుగంతా తట్టుకుంటూ పోయాడు. కుండ కొనేటప్పుడు తట్టి చూడమూ, అట్లాగన్నమాట. గట్టిరేకు ఖంగుమంటుంది, తుప్పుతిన్నది బొద్దుగా పలుకుతుంది. వెనకసీటు కింద, నల్లని తారుపూత నున్నగా మెరుస్తున్న చోట, శబ్దం బొద్దుగా వచ్చింది. ఎనిమిదేళ్ళకిందట ఎక్కడో ఒక షెడ్డులో, కడగకుండా గీకకుండా తుప్పుమీదనే దట్టంగా పూసిన తారు అది. స్క్రూడ్రైవరు మొనతో లేపితే అట్టుపెచ్చులాగా ఊడివచ్చింది. కింద అరచెయ్యంత మేర ఎర్రని పొరలు. పూత పగుళ్ళలోంచి ఉప్పునీరు లోపలికి పోయింది. బయటికి రావడానికి దారి లేక అక్కడే కూర్చుని రేకును తిన్నది. తుప్పు ఇనుముకన్న కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పూతను తోసుకుంటూ లోపల పెరిగిపోయింది. ఏమీ పూయని పక్కభాగం ఇంతకన్న బాగున్నది!

అత్తయ్య కాఫీలు పట్టుకువచ్చి చాలాసేపు ఆ పెచ్చు చూసి, "ఇనపమూకుడు సంగతేగా ఇది! కడిగి, తుడిచి, పొయ్యిమీద తడి పోయేదాకా పెట్టి, అప్పుడు నూనెచెయ్యి రాస్తాం. తడిమీద నూనె రాస్తే మర్నాటికి ఎర్రబడుతుంది. ఇంతమంది మొగాళ్ళకు ఈపాటి తెలియలేదూ?" అన్నది. మెకానిక్ నవ్వి, "అమ్మగారు చెప్పిందే మొత్తం పని" అన్నాడు.

ఆ మూకుడు న్యాయం ప్రకారమే తక్కిన పని సాగింది. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వదులైన తుప్పంతా వైరుబ్రష్షుతోనూ ఎమెరీ కాగితంతోనూ మెరుపు కనిపించేదాకా రుద్దాం. గుంటల్లో దిగిపోయి ఎంతకూ రాని తుప్పుకు దుకాణాల్లో తుప్పుమందు అమ్ముతారు. అందులో చాలావాటిలో ఉండేది టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో. టానిక్ ఆమ్లపు మందు రాస్తే ఎర్రతుప్పు నల్లగా మారి గట్టిపడుతుంది. ఇది తెలుగువారికి కొత్తవిద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీవారు కరక్కాయరసం పట్టించిన గుడ్డమీద, ఇనపముక్కలు బెల్లపునీళ్ళలో ఊరవేసి తీసిన రసంతో గీస్తే నల్లగీత తేలుతుంది. కరక్కాయలోని టానినుకూ ఇనుముకూ కలిసినప్పుడు పుట్టే నలుపది. అట్లాగని కరక్కాయలు దంచి కారుకు పూయకండి. అమ్మే డబ్బామీద రాసిన కొలతా, రబ్బరు తొడుగులూ పాటిస్తే చాలు. పెచ్చులమీద ఏ మందూ పనిచెయ్యదు, పెచ్చులు పోవలసిందే.

ఆ తరువాత రెడ్ ఆక్సైడు ప్రైమరు రెండు పల్చటి చేతులు. ఆ డబ్బా మూత తీస్తే నిన్న చూసిన దిబ్బల రంగే! నిజానికి ఆ పొడి కూడా ఐరన్ ఆక్సైడే. ఇదివరకే పూర్తిగా ఆక్సైడైపోయింది గనుక ఇంక తుప్పుపట్టడానికి అందులో ఏమీ మిగలలేదు. నూనెలోనో రెసిన్‌లోనో కలిసి, బతికున్న ఇనుముకు కవచమవుతుంది. జింకు ఫాస్ఫేటు కలిసిన ప్రైమరు దొరికితే మరీ మంచిది. అది బాగా ఆరాక అడుగుభాగానికని అమ్మే పూత. సాగే గుణం ఉన్నదీ, పగలనిదీ చూసుకోవాలి. చెయ్యి దూరని పెట్టెదూలాల లోపలికి రంధ్రాలగుండా మైనంలాంటి పూత సన్నని గొట్టంతో చిమ్మారు. పని కాగానే మళ్ళీ పుల్ల తీసుకుని రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకున్నాం.

పూత తగలకూడని చోట్లు కూడా ఉన్నాయి. బ్రేకు డ్రమ్ములు, బ్రేకు రబ్బరుగొట్టాలు, హ్యాండ్‌బ్రేకు తీగ, తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు, వేడెక్కే సైలెన్సరు గొట్టం - వీటిని పాతపేపర్లతో చుట్టేశాం. వాడేసిన ఇంజను ఆయిలు అడుగున చిమ్మించడం ఇంకా కొన్నిచోట్ల ఆచారం. ఇది మంచిది కాదు. ఆయిలు తగిలిన రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి; బ్రేకులమీద పడితే ప్రాణగండం; చర్మానికి హాని; కారిపోయినదంతా మన పెరటినేలలోకి, బావిలోకి చేరుతుంది.

ఇంట్లో చేసుకోదగిన పని ఇంతవరకే. దీని తరువాత ఒక గీత గీసుకోవాలి. ఆ గీత మాకు రెండోరోజు సాయంకాలం ఎదురైంది. వెనకచక్రాలకు పోయే సన్నని ఉక్కు బ్రేకుగొట్టాన్ని మెకానిక్ గుడ్డతో తుడుస్తూ ఒకచోట ఆగిపోయాడు. క్లిప్పు పట్టుకున్న చోట గొట్టం చుట్టూ పొలుసులు కట్టి సన్నబడి ఉన్నది.

"బాబుగారూ, ఇది రంగు వేసే తుప్పు కాదండి. కాలు గట్టిగా నొక్కిన రోజున ఇక్కడ పగులుతుంది" అన్నాడు.

మామయ్యగారు ఏమీ అనలేదు. గేటుదాకా వెళ్ళి, కాసేపు రోడ్డువైపు చూసి వచ్చారు. మనవలతో దిబ్బలకు పోయే రోడ్డది. తిరిగివచ్చి, "ఈ ఒక్కటే కాదు నాయనా, గొట్టాలన్నీ కొత్తవి వేసెయ్యి. అంతదాకా బండి కదలదు" అన్నారు.

బ్రేకుగొట్టాలు, పెట్రోలుగొట్టాలు, కమాన్లు బిగించే చోట్లు, పక్క దూలాలు, సీటుబెల్టు బిగించిన నేల - వీటిలో స్క్రూడ్రైవరు మొన దిగిందంటే పూతలతోనూ, లప్పంతోనూ కప్పకూడదు. అది టింకరింగు, వెల్డింగు తెలిసినవాడి పని. పాతరేకు కోసేసి గట్టిరేకు అతకాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పడం, పెట్రోలు ట్యాంకు దగ్గరైతే ట్యాంకే దింపడం తప్పనిసరి. వెనకసీటు కిందిచోటుకు మాకు అదే వైద్యం జరిగింది.

ఇక తుప్పు కిందనుంచే వస్తుందనుకోవద్దు. ముందు అద్దం రబ్బరు ఎండిపోతే వాననీరు లోపలికి జారి, కాళ్ళకింద పరచిన మ్యాటు అడుగున నిలుస్తుంది. పైన పొడి, కింద మడుగు. నెలకొకసారి మ్యాటెత్తి అరచెయ్యి ఆనించి చూస్తే తెలుస్తుంది. గాలి ఆడని ప్లాస్టిక్ గుడ్డ కప్పినా, తడిమట్టిమీదా గడ్డిమీదా నెలలతరబడి నిలిపినా అంతే. పాతకారుకు కావలసింది దుప్పటి కాదు, గాలి ఆడే నీడా, గచ్చునేలా.

పదిరోజులకు కొత్త బ్రేకుగొట్టాలు పడ్డాయి. ఆ పాతగొట్టం ముక్కను మెకానిక్ మామయ్యగారి చేతికిచ్చి వంచి చూడమన్నాడు. వేళ్ళతో వంచితేనే పుటుక్కున విరిగింది. డెబ్బై దాటిన చేతులవి.

ఈ దారిన కారులో వచ్చేవాళ్ళు దిబ్బలు చూసి, రుషికొండ దగ్గర అలలు చూసి, జిహ్వకు ఇంత మొక్కజొన్నపొత్తు తగిలించి ఇంటికి పోతారు. పొండి, తప్పక పొండి. ఇంత అందమైన రోడ్డు మనకు ఎన్ని ఉన్నాయి? ఇంటికి చేరిన సాయంకాలం మాత్రం, ఇంజను చల్లబడ్డాక, మంచినీళ్ళ గొట్టం కారు పైన కాక కిందికి ఒక్క పది నిమిషాలు పట్టండి. పిల్లలకు ఆ పని అప్పగిస్తే సరదాగా చేస్తారు. వంగి చూసే అలవాటు కూడా వాళ్ళకు చిన్నప్పుడే పడుతుంది.